పిల్లి మేనిపై బొడిపె: ఒక సంవాదము

నిరీక్షకుడు: పిల్లి మేనిని నిమురుచుండగా చేతికి కందిగింజంత బొడిపె యొకటి తగిలిన మాత్రమున, ఇంటివాడు తన బుద్ధిని అటకమీద బెట్టి, ఆ పిల్లిని బుట్టలోనికి నెట్టి, వైద్యశాలకు పరుగెత్తవలయునని మీరు వాదించుచున్నారు. నాకది సమ్మతము కాదు. ఆ మేనిని ఏండ్లతరబడి నిమిరినవాడు ఇంటివాడు. వైద్యుడు చూచునది కొలది నిమిషములు, ఆ చూచునదియు బల్లమీద భయముతో బిగుసుకొనిపోయిన పిల్లిని. నిన్న లేనిది నేడు ఎచ్చట లేచినదో, ఏ బొడిపె రెండేండ్లుగా మార్పులేక పడియున్నదో, ఏ రాత్రి ఇంటికప్పుమీద గండుపిల్లులు కలియబడినవో ఎరిగినవాడు అతడొక్కడే. రోగి పూర్వవృత్తాంతము తెలియనిదే రోగనిర్ణయము సాగదని వైద్యులే చెప్పుదురు గదా. ఆ వృత్తాంతమును చెప్పగలవానిని మీరేల త్రోసిపుచ్చుచున్నారు?

పరీక్షకుడు: త్రోసిపుచ్చుట లేదు, అతని పని యెంతవరకో చెప్పుచున్నాను. కంటికిని చేతికిని తెలియునది, ఇక్కడ క్రొత్తది యేదో పుట్టినదను వార్త. ఇది ఫలానాది యను తీర్పు వాని యధికారములోనిది కాదు. పిల్లి చర్మముపై తరచుగా పుట్టు కణుతులలో బేసల్ కణముల కణితి యొకటి. అది పలుమారులు నల్లగా, మిట్టగా, ఒక్కొక్కప్పుడు పైభాగము పగిలి, చూచినవాని గుండె జారునట్లు కనబడును. అయినను చాలవరకు అది సాధుస్వభావము గలది, శుభ్రముగా కోసివేసినచో మరల వచ్చుట అరుదు. చర్మము క్రింద పుట్టు ఫైబ్రోసార్కోమా యన్ననో, మొదట పైన బొచ్చు చెదరదు, రంగు మారదు, నొప్పి యుండదు; పిల్లి యథాప్రకారము తినుచు, ఎండలో నిద్రించుచుండును; లోపల మాత్రము అది కండరముల పొరలవెంట వేళ్లు పారించుకొనుచుండును. భయపెట్టునది నిరపాయమును, భయపెట్టనిది ప్రాణాంతకమును అగుచోట మీ కన్ను దేనిని చూచి తీర్పు చెప్పును?

నిరీక్షకుడు: ప్రాణాంతకములైన వానిని ముందు నిలిపి, నిత్యము కనబడువానిని మరపింపజూచుచున్నారు. మగపిల్లి పొట్టమీద రెండు వరుసలుగా నుండు చనుమొనలను చూచి పులిపిరులని బెంగపడినవారు గలరు; మగవానికిని చనుమొన లుండునని వారికి తోచలేదు. రొమ్ముటెముక చివర పొడుచుకొనివచ్చు మృదులాస్థి చేతికి తగిలి, అది కంతియని రాత్రియెల్ల మేలుకొన్నవారును గలరు. నెత్తురు త్రాగి ఉబ్బి, బూడిదరంగు గింజవలె చెవిమూల నంటియుండు పిడుదును గడ్డ యనుకొనుట సర్వసాధారణము. భూతద్దము పట్టి చూచినచో చర్మము దగ్గర కాళ్లు కనబడును, అంతటితో ఆ రోగనిర్ణయము ముగియును. ఎఱ్ఱపిల్లులకు ఈడు వచ్చినకొలది పెదవులమీద, ముక్కుమీద చదునైన నల్లమచ్చలు లేచును. అవి మిట్టగా లేవనంతవరకు, పుండుపడనంతవరకు వానివలన భయము లేదు. గడ్డముక్రింద మిరియపు పొడి చల్లినట్లు కనబడు నల్లపొక్కులు మనుష్యుల మొటిమల వంటివి. చెవి యంచున పుట్టి నొసటికి ప్రాకి, దళసరి పక్కులు గట్టి, పిల్లిచేత రాత్రింబవళ్లు గోకించునది గజ్జి. బిళ్లలు బిళ్లలుగా బొచ్చు రాల్చునది తామర. వీనిలో దేనిని గుర్తించుటకు సూక్ష్మదర్శిని కావలయును?

పరీక్షకుడు: చివరి రెంటికిని కావలయును. గజ్జి పురుగు కంటికి కనబడదు, పక్కును గీకి చూడవలసినదే. తామర యన్నను అంతే. పిల్లులలో దానిని కలిగించు బూజు చాలవరకు మైక్రోస్పోరమ్ కేనిస్. అది మనుష్యుల కంటును, బిడ్డలకు మరింత త్వరగా నంటును. అతినీలలోహిత దీపకాంతిలో ఆ బూజుపట్టిన వెంట్రుకలు ఆకుపచ్చగా మెరయునందురు గాని, మెరయనివియు పెక్కులుండును. దీపము వెలుగనంతమాత్రమున తామర కాదని చెప్పరాదు. ఇంకొకటి వినుడు. బ్రెజిల్ దేశమున రియో డి జనీరో ప్రాంతములో 1990ల చివరినుండి స్పోరోత్రిక్స్ అను బూజు పిల్లుల ముఖములమీద, పాదములమీద ఎంతకును మానని పుండ్లను లేపి, వాని గోళ్లవలన వేలకొలది మనుష్యులకు సంక్రమించినది. మొదట చూచినవారికి అవి పిల్లుల కొట్లాటలో తగిలిన గాయములుగానే తోచును. పిల్లి మేనిమీది బొడిపెకు పేరు పెట్టుట పిల్లికొరకు మాత్రమే కాదని నేననుట ఇందుచేతనే.

నిరీక్షకుడు: కొట్లాట గాయములమాట మీరే యెత్తితిరి గనుక చెప్పుచున్నాను. బయట తిరుగు పిల్లికి హఠాత్తుగా లేచిన వాపులలో పెక్కు చీముగడ్డలే. ఎదుటి పిల్లి కోఱ సన్నముగా దిగును, పైతోలు గంటలలో పూడుకొనును, లోపల చిక్కుకొన్న సూక్ష్మజీవులు రెండుమూడు దినములలో చీమును పుట్టించును. వాపు వేడిగా నుండును, ముట్టనీయదు, పిల్లి తిండి మాని మూలకు జేరును. నాలుగైదు దినములకు అది మెత్తబడి పగులును. సుశ్రుతుడు నిదానస్థానమున గ్రంథిని, అపచిని, అర్బుదమును, గలగండమును ఒక్క యధ్యాయమున చేర్చి, వానిని ఆకారము, స్పర్శ, వేదన, వృద్ధివేగము, పాకము అను లక్షణములచేత వేరుపరచెను. గుండ్రనై, కదలక, స్వల్పవేదన గలిగి, లోతుగా నాటుకొని, మెల్లగా పెరిగి, పక్వము గాక యుండునది అర్బుదమని ఆయన చెప్పినది నేటికిని చేతికి అందునట్టి శాస్త్రమే. త్వరగా లేచి నొప్పించునది చీము. మెల్లగా లేచి నొప్పింపనిది అనుమానింపదగినది. ఇంత స్పష్టమైన సూత్రము చేతనుండగా, ఇంటివాడు గ్రుడ్డివాడెట్లగును?

పరీక్షకుడు: ఆ సూత్రమునకు నేనును నమస్కరింతును. చీముగడ్డ విషయమున మీ మాట నూటికి నూరుపాళ్లు కాకున్నను చాలవరకు నిజము. అయినను దానికిని వైద్యుడు కావలయును, ఏలయన చీము తీయక విడిచినచో జ్వరము ముదిరి పిల్లి నీరసించును. నా భయము ఆ సూత్రపు టంచులలో నున్నది. పెరుగు కణితికి నడుమ రక్తప్రసారము చాలక అచ్చటి కండ చచ్చి, పైన పుండుపడి, చీము చేరి, దుర్వాసన కొట్టును. అప్పుడది మీ లక్షణముల పట్టికలో చీముగడ్డ వరుసన కూర్చుండును. మాస్ట్ కణముల కణితి యున్నది. తల, మెడమీద గుండ్రముగా, బొచ్చులేక, గులాబివన్నెలో లేచును. దానిని తాకి రుద్దినచో లోపలి హిస్టమిన్ వెలువడి ఎఱ్ఱబడి ఉబ్బును, కొంతసేపటికి దిగిపోవును. దిగినప్పుడు చూచిన ఇంటివాడు "తగ్గినది" అని మురియును. పిల్లులలో ఆ కణితి చర్మముమీదనే యున్నంతకాలము పెక్కుమార్లు సాధువేయని నేనే చెప్పుదును. కాని అది ప్లీహమున పుట్టి చర్మమునకు వచ్చినదైనప్పుడు కథ వేరు. తగ్గుట, పెరుగుట అను రెండు ముక్కలతో దానిని చదువజాలరు.

ఇక తెల్లపిల్లి చెవికొన. మన యెండలకు పిట్టగోడమీద పండుకొను తెల్లపిల్లికి, చెవుల చివరలందును, ముక్కుదూలముమీదను, కనురెప్పల యంచునను రంగు లేని చర్మము ఏండ్లతరబడి కాలును. మొదట ఎఱ్ఱదనము, పిమ్మట చిన్న పక్కు. పిల్లి గోకును, పక్కు రాలును, నెత్తురు చుక్క కనబడును, మరల పక్కు గట్టును. ఇది మానని గాయమని ఇంటివాడు నెలలకొలది వెన్న రాయుచుండును. అది స్క్వామస్ కణముల కేన్సరు. ఆ దశలో చెవికొనను కోసివేసినచో చాలవరకు రోగము పోవును, పిల్లి గుండ్రని చెవులతో సుఖముగా బ్రతుకును. చెవి సగము తినివేయబడినదాక నిరీక్షించినవానికి ఆ మార్గము మూసికొనిపోవును. నిరీక్షణకు వెల యున్నది, అది పిల్లియే చెల్లించును.

నిరీక్షకుడు: తెల్లపిల్లి చెవి విషయమున నేను వాదింపను. మానని పుండును నెలలకొలది చూచుచు కూర్చుండుమని నేననలేదు.

పరీక్షకుడు: చన్నుల విషయమున?

నిరీక్షకుడు: అచ్చటను సగమే యొప్పుకొందును. ఈడు చెల్లిన ఆడుపిల్లి చన్నువరుసలో గట్టిగింజ తగిలినచో, అది నూటికి ఎనుబదికి పైగా దుష్టస్వభావము గలదేయని విన్నాను. దానిని చూచుచు కూర్చుండువాడు అవివేకి. కాని యేడాది నిండని ఆడుపిల్లికి మొదటి ఎద తరువాతనో, చూలు నిలిచినప్పుడో, ఎద రాకుండ హార్మోను మందు వేసినప్పుడో, చన్నులన్నియు ఒక్కుమ్మడిగా కొలదివారములలో నిమ్మకాయలంతగా ఉబ్బి, తోలు మెరసి, ఒక్కొక్కచోట పగిలి, చూచువారికి మృత్యువే కనబడును. అది కేన్సరు కాదు. హార్మోనుల ప్రేరణ తొలగగనే, అండాశయములు తీసివేయగనే, చాలవరకు తనంత దిగిపోవును. అట్టి పిల్లుల చన్నుల వరుసనంతయు తొందరపడి కోసివేసినచో, ఆ కోత యెవరికొరకు?

పరీక్షకుడు: ఈ యుదాహరణము నా పక్షమునకే బలము. ముసలిపిల్లి చన్నుగడ్డను, పడుచుపిల్లి చన్నువాపును వేరుపరచునది వయస్సు, చరిత్ర, వానితోపాటు కణపరీక్ష. ఈ రెంటినడుమ పొరపడినవాడు ఒకచోట అక్కరలేని కోత కోయును, రెండవచోట కావలసిన కోతను మానును. చన్నుగడ్డ రెండు సెంటీమీటర్లు దాటకముందు తీయించిన పిల్లులు ఏండ్లు బ్రతికినవి. మూడు దాటిన పిమ్మట తీయించినవానికి చాలవరకు నెలలే మిగిలినవి. ఆరునెలలు నిండకముందే అండాశయములను, గర్భాశయమును తీయించిన ఆడుపిల్లికి ఈ రోగభయము నూటికి తొంబదివంతులు తగ్గునని 2005లో ప్రకటితమైన పరిశోధన చెప్పినది. ఇక్కడ సెంటీమీటరు ఒక్కటి ఆయుర్దాయము.

నిరీక్షకుడు: సెంటీమీటర్ల మాట వచ్చినది గనుక, మీరు చేతబట్టిన సూది చరిత్రనే తీయుదును. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన రోగశాస్త్రజ్ఞులు 1991లో ఒక సంగతి లోకమునకు దెలిపిరి: పిల్లులకు టీకా వేయు చోటులలో, ముఖ్యముగా మెడవెనుక రెండు భుజముల నడుమ, ఫైబ్రోసార్కోమాలు పెచ్చు పెరుగుచున్నవని. రేబీస్ టీకా, పిల్లుల ల్యుకేమియా టీకా వేసిన చోట్లనే యవి హెచ్చుగా కనబడినవి. పదివేల టీకాలకు ఒకటి చొప్పున వచ్చునని సామాన్యముగా లెక్క. వచ్చినప్పుడు మాత్రము అంత మొండి కణితి వేరొకటి లేదు. చుట్టును ఐదు సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన కండతోకూడ, అడుగున రెండు పొరల లోతువరకు కోయవలయుననుచున్నారు. కణితిని గుర్తించుటకు సూదిని పంపుడనెడి మీరు, సూది పోయిన దారిలో కణితి పుట్టిన చరిత్రను మరువరాదు.

పరీక్షకుడు: మరువలేదు, మరువనీయను. కాని టీకాకు వాడు సూదిని, కణములను పీల్చు సూదిని ఒక్క త్రాటను గట్టుట న్యాయము కాదు. సూది గ్రుచ్చుటకంటె ఆ చోట చిరకాలము నిలుచు వాపే దీనికి మూలమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. మనదేశమున రేబీస్ పిచ్చికుక్కల కథ మాత్రమే కాదు. టీకా మానుడని మీరును అనరు. అందుచేత వైద్యులు టీకా మానలేదు, చోటు మార్చిరి: కాలి క్రిందిభాగమున వేయుడు, అచ్చట కణితి పుట్టినచో కాలు పోయినను ప్రాణము నిలుచునని. మఱియు మూడు, రెండు, ఒకటి యను నియమమును పెట్టిరి. టీకా వేసినచోట లేచిన గడ్డ మూడునెలలు దాటి నిలిచినను, రెండు సెంటీమీటర్లకు మించినను, నెల గడచిన పిమ్మట పెరుగుచున్నను, ముక్క తీసి పరీక్షింపవలయును.

నిరీక్షకుడు: అది నా నియమము! మూడునెలలు చూడుమను నియమము నిరీక్షణ కాక మరేమి? టీకా వేసిన మరునాడు లేచు చిన్నగడ్డలన్నిటిని కోయక, తగ్గునేమో చూతమని మీ వైద్యశాస్త్రమే చెప్పినది.

పరీక్షకుడు: చెప్పినది, ఒప్పుకొనుచున్నాను. ఆ నియమములో నిరీక్షణ యున్నది గాని, దానికి కొలబద్ద యున్నది, తేది యున్నది, గడువు తీరినప్పుడు చేయవలసిన పని ముందే నిర్ణయమై యున్నది. మనయిండ్లలో జరుగు నిరీక్షణకు ఈ మూడును ఉండవు. "చిన్నదే, చూతములెండి" అను మాటతో మొదలై, పండుగ వచ్చుట, చుట్టములు వచ్చుట, పిల్లి దొరకకపోవుట అను కారణములతో సాగును. మీ ఇంటివాడు ఒక కాగితముమీద తేదిని, చోటును, స్కేలుతో కొలిచిన అడ్డుపొడవులను వ్రాసి, ప్రక్కన రూపాయిబిళ్ల పెట్టి ఫోటో తీసి, పదునైదు దినములకు మరల అట్లే చేయునా? చేయునేని నా వాదములో సగము అతని కిచ్చివేయుదును.

నిరీక్షకుడు: చేయును, చేయనివాడు పిల్లిని పెంచుటకు తగడు. ఇప్పుడు మీ పక్షపు బలహీనతను చూతము. సన్నసూదితో కణములను పీల్చుట సులభము, మత్తు అక్కరలేదు, నిజమే. కాని ఫైబ్రోసార్కోమావంటి గట్టికణుతులు సూదికి కణముల నీయవు. వచ్చునది నెత్తురు మాత్రమే. "ఏమియు లేదు" అని వచ్చిన ఫలితమును "కేన్సరు లేదు" అని చదువుకొని ఇంటికి వచ్చినవాడు, ఏ పరీక్షయు చేయింపనివానికంటె ఘోరముగా మోసపోయినవాడు. పైగా మన జిల్లాలలో పశువుల ఆసుపత్రి యనగా ఆవు, గేదె, మేక. వైద్యుని యనుభవమంతయు వానిమీదనే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరము పశువైద్య కళాశాలల వంటి చోట్లకు పోగలిగినవారు ఎందరు? పల్లెలోని పిల్లిని బస్సులో వంద కిలోమీటర్లు త్రిప్పి, దాని నోట నురుగు గ్రక్కించి, ఏమియు తేలలేదని మరల తీసికొనివచ్చుటయేనా శాస్త్రము?

పరీక్షకుడు: దూరపు బాధ నిజమైనది, దానికి నాకడ పూర్తి సమాధానము లేదు. అయినను పోవలసినది కణములే కాని పిల్లి కాదు. సూదితో పీల్చినదానిని గాజుపలకపై పఱచి ఆరబెట్టి పంపవచ్చును; ముక్కను ఫార్మలిన్‌లో వేసి పంపవచ్చును; గేదెల వైద్యునికిని ఆ మాత్రము చేయి తిరుగును. సూది మూగపోయినచోట ముక్క తీయవలయుననుట నిజమే. సార్కోమా యను అనుమానమున్నచో, గడ్డనంతను పెకలించి చూతమను నుత్సాహము మాని, చిన్నముక్కను మాత్రమే, పిమ్మటి కోతలో కలిసిపోవు చోటునుండి తీయవలయును.

నన్ను కలవరపెట్టునది పరీక్ష లేకుండుట కాదు, పరీక్ష లేని చికిత్స. పైపెదవిమీద పుండు, పొట్టమీద తడి యెఱ్ఱపలక, తొడవెనుక త్రాడువలె గట్టిచార, ఇవి ఇసినోఫిలిక్ గ్రాన్యులోమా అను నొక కుటుంబమునకు చెందినవి. చూపునకు కేన్సరే, మూలము పెక్కుసార్లు గోమార్ల కాటుకో, ఏదో తిండికో శరీరము పడు అసహనము. స్టెరాయిడు సూది వేయగనే అవి మాయమగును. అదే స్టెరాయిడు లింఫోమాకును, మాస్ట్ కణితికిని తాత్కాలికముగా ముసుగు వేయును. ముసుగు వేసిన పిమ్మట తీసిన ముక్క నిజము చెప్పదు. ఇక ఇంటివైద్యము. సున్నము, కిరసనాయిలు, ఫినాయిలు పూసినవారు గలరు. పూసినదానిని పిల్లి నాకకుండునా? నొప్పికని పారాసెటమాల్ బిళ్లలో ముక్క వేసి చంపుకొన్నవారును గలరు. దానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. కుక్కల గోమార్లకు వాడు పెర్మెత్రిన్ మందును పిల్లికి రాసిన ఫలితమును నేను వర్ణింపను.

నిరీక్షకుడు: ఇంటివైద్యమును నేను సమర్థింపను, చూచుట వేరు, పూయుట వేరు. నా చివరి శంక మరియొకటి. ముసలిపిల్లికి కాలివ్రేలు వాచి, గోరు వంకరపోయి, కుంటును. గోరుచుట్టు యని మందు వేయుదురు, మానదు. అది ఊపిరితిత్తులలో పుట్టిన కేన్సరు వ్రేలికి చేరిన గుఱుతు కావచ్చునని, ఆ పిల్లికి దగ్గైనను లేకుండవచ్చునని మీ శాస్త్రమే చెప్పుచున్నది. ఆ పేరు తెలియుటవలన పిల్లికి కలుగు లాభమేమి? పదునారేండ్ల వయస్సు, చెడిన మూత్రపిండములు, బుట్ట చూచిననే వణకు స్వభావము. దానికి ఎక్స్‌రే, సూది, మత్తు, ముక్క. ఇవన్నియు దాని బాధను తీర్చుటకా, మన సందేహమును తీర్చుటకా?

పరీక్షకుడు: ఆ యుదాహరణములోనే ఒక లాభమున్నది. రొమ్ముకు ఎక్స్‌రే తీయని వైద్యుడు ఆ వ్రేలిని కోసివేయును; పిల్లి కుంటి, కోతనొప్పి పడి, అదే రోగముతో చచ్చును. పేరు తెలిసినవాడు కత్తిని క్రింద బెట్టి నొప్పిమందు ఇచ్చును. చేయకుండుటకును నిర్ణయము కావలయును గదా.

నిరీక్షకుడు: బాగు. అట్టి ముసలిపిల్లికే భుజముమీద జామకాయంత గట్టిగడ్డ యున్నదనుకొందము. మీ మాట మన్నించి, సూదివరకు వత్తును, అంతకుమించి రాను.

పరీక్షకుడు: సూది సార్కోమా యని చెప్పినచో?

నిరీక్షకుడు: కోయింపను. ఆ వయస్సున అంత కోత దానికి వద్దు.

పరీక్షకుడు: నిరపాయమైన తిత్తి యని చెప్పినచో?

నిరీక్షకుడు: అప్పుడును కోయింపను.

పరీక్షకుడు: రెండు ఫలితములకును చేయునది ఒక్కటే యైనప్పుడు నేను సూదిని గ్రుచ్చను. ఫలితమునుబట్టి చేయుపని మారనిచోట పరీక్ష చేయరాదని మా వారు మొదటనే నేర్పుదురు.

నిరీక్షకుడు: ఆశ్చర్యము! ఇంతసేపు పేరు పెట్టవలసినదేయని పట్టుబట్టినది మీరు.

పరీక్షకుడు: ఇంతసేపు పేరు వలదని పట్టుబట్టినది మీరు. ఇప్పుడు సూదికి సిద్ధపడుట ఎందుకు?

నిరీక్షకుడు: మిగిలిన దినములు ఎన్నియో తెలిసికొనుటకు. తిత్తియైనచో వేసవి గడచువరకు దానిని విడిచి మా యమ్మాయియింటికి పోవచ్చును. సార్కోమాయైనచో ప్రయాణము మానుకొందును. ఇది చికిత్స కాదని మీరనవచ్చును.

పరీక్షకుడు: అనను. కాని దానికొరకు ఆ పిల్లిని బుట్టలో పెట్టవలయునా యని మాత్రము అడుగుదును.